పేజీకి లెక్కలు అప్పగించకండి

ధాన్యం బస్తా అంటే మా గోదావరి జిల్లాల్లో 75 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేది మాత్రం క్వింటాలుకు. 2025-26 సీజనుకు సాధారణ రకం ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే బస్తాకి 1,776 రూపాయల 75 పైసలు. రైతు అడిగేది బస్తా రేటు, కాగితాల మీద నడిచేది క్వింటాలు రేటు. రెండింటికీ మధ్య ఉన్నది చిన్న గుణకారం. ఆ గుణకారం వెబ్ పేజీలో జరగాలా, దాని వెనక విడిగా జరగాలా అన్న దాని మీదే నా వాదనంతా.

డెల్టాలో ఒక రైస్ మిల్లుకి ధాన్యం కొనుగోళ్ళ కోసం వెబ్ అప్లికేషన్ ఉంది. ఎవరో రాసి వెళ్ళిపోయారు, మార్పులు చేయమని నా దగ్గరికి వచ్చింది. అందులో రైతుకిచ్చే రసీదు పేజీ బస్తా రేటుని తనే కడుతుంది. చూడ్డానికి బాగుంటుందని పైసలు సర్దేసి 1,777 చేస్తుంది. ఆ 1,777ని బస్తాలతో గుణించి మొత్తం వేస్తుంది. వారం లెక్కల పేజీ మాత్రం క్వింటాళ్ళని 2,369తో గుణిస్తుంది. 130 బస్తాలు తోలిన రైతుకి రసీదులో 2,31,010 రూపాయలు కనబడితే, వారం లెక్కలో 2,30,977 రూపాయల 50 పైసలు కనబడుతుంది.

తేడా ముప్పై రెండున్నర రూపాయలు. ఆ డబ్బు పెద్దది కాదు. కానీ రసీదు పట్టుకుని రైతు కౌంటర్ దగ్గరికొచ్చి "ఇదేంటండీ, ఇందులో ఒకటి, అందులో ఒకటి?" అంటే గుమాస్తా దగ్గర జవాబు లేదు. "కంప్యూటర్ అలా చూపిస్తోందండి" అనాలి. రెండు అంకెలూ చూపించింది ఆ కంప్యూటరే. కాటా దగ్గర, తేమ దగ్గర, తరుగు దగ్గర ప్రతి అంకెనీ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసుకోవాల్సిన మనిషి ఆ రైతు. ఒక్క కాగితం మీద తేడా కనబడ్డాక మిగతా కాగితాలన్నీ అనుమానంగానే చూస్తాడు. అలా చూడటంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి బయటపడింది. అంతకుముందు సీజనులో సాధారణ రకం ధర 2,300. బస్తాకి 1,725. పాత రసీదు మళ్ళీ ప్రింట్ తీస్తే కొత్త రేటుతో వచ్చింది! ఎందుకంటే డేటాబేస్‌లో ఉన్నది బస్తాల సంఖ్య మాత్రమే. డబ్బు ఎంతన్నది ఎక్కడా రాసి లేదు. పేజీ తెరిచినప్పుడల్లా పేజీయే కట్టుకుంటుంది, అది కూడా ఈరోజు రేటుతో. ఏడాది కిందట జరిగిపోయిన కొనుగోలు మొత్తం ఈరోజు పేజీ తెరిస్తే మారిపోతోందంటే, ఆ కొనుగోలు అసలు నమోదు కానట్టే.

వెబ్ పేజీ పని చూపించడం. తేల్చడం దాని పని కాదు. ఎంత ఇవ్వాలి, ఎవరికి అర్హత ఉంది, ఏ తేదీ నుంచి ఏ రేటు అనేవి తేల్చే నియమాలు. వాటిని ఒకచోట రాయాలి, ఒక్కసారే రాయాలి. పేజీ ఆ జవాబుని అందుకుని, ఎలా కనబడితే చదివేవాళ్ళకి సులువో అలా చూపించాలి. ఈ మాట కొత్తది కాదు. నార్వేకి చెందిన ట్రిగ్వే రీన్స్‌కౌగ్ 1979లో జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ఉన్నప్పుడు మోడల్ (సమాచారం, నియమాలు), వ్యూ (చూపించే భాగం), కంట్రోలర్ (వాడేవాళ్ళ ఆదేశాలు అందుకునే భాగం) అన్న విభజనని రాసిపెట్టారు. అప్పటికి వెబ్ పుట్టనే లేదు. తర్వాత వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు, 2004లో రైల్స్, 2005లో జాంగో వచ్చి ఆ ఆలోచనని వెబ్ రాసే ప్రతివాళ్ళ ముందూ పెట్టాయి. ఇన్నేళ్ళయ్యాక కూడా ఇది మళ్ళీ చెప్పాల్సి వస్తోందంటే దానికి కారణం ఉంది.

మాలో చాలామంది వెబ్ నేర్చుకున్నది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ బయటికి వదిలిన ఆ భాష బలమే ఇది: పేజీ రూపం రాసే హెచ్‌టీఎంఎల్ మధ్యలో ఎక్కడైనా కోడ్ రాసేయొచ్చు. పైన డేటాబేస్ కనెక్షన్, దాని కింద డేటాబేస్‌ని అడిగే క్వెరీ, కింద లూప్, లూప్ లోపల టేబుల్ వరసలు. ఒక్క ఫైల్, ఒక్క పూట, పని అయిపోతుంది. కాకినాడలోనూ భీమవరంలోనూ కంప్యూటర్ సెంటర్లలో కూర్చుని నేర్చుకున్న కుర్రాళ్ళు ఎరువుల కొట్లకీ, నర్సరీలకీ, లాడ్జీలకీ అలా ఎన్ని సైట్లు కట్టారో! ఆ సులువు లేకపోతే ఆ సైట్లే లేవు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ అలవాటు మాత్రం వదలడం కష్టం. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి వచ్చాక కూడా వ్యూ అన్న ఫోల్డర్‌లో ఫైల్ తెరిస్తే లోపల తేమ శాతం చూసి తరుగు కట్టే నాలుగు లైన్లు ఉంటాయి. ఫోల్డర్ పేరు మారింది, లెక్క ఉన్నచోటే ఉంది.

కాబట్టి ఫోల్డర్లు చూసి నేను ఏమీ నిర్ణయించను. ఒక ప్రశ్న అడుగుతాను: ఇదే సంగతిని రేపు ఎస్సెమ్మెస్‌లో పంపమంటే పేజీలోంచి కోడ్ కాపీ చేయాలా? చేయాలంటే, తేల్చే పని పేజీలో ఇరుక్కుంది.

ఈ ప్రశ్న వరదల కాలంలో బాగా అర్థమవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఈ అంకెలు నోటికి వస్తాయి. నీటిమట్టం చూపించే ఒక పేజీ రాస్తున్నామనుకోండి. మామూలుగా ఏం చేస్తారు? టెంప్లేట్‌లోనే, అంటే పేజీ అచ్చు రాసిపెట్టుకునే ఫైల్‌లోనే, మట్టం 11.75 దాటితే పసుపు రంగు, 13.75 దాటితే నారింజ, 17.75 దాటితే ఎరుపు అని రాసేస్తారు. పని చేస్తుంది. తర్వాత ఫోన్ కోసం ఇంకో పేజీ రాస్తారు, అక్కడ 'దాటితే' బదులు 'చేరితే' అని పడుతుంది. మట్టం సరిగ్గా 11.75 దగ్గర నిలబడ్డప్పుడు ఒక పేజీ హెచ్చరిక లేనట్టు ఆకుపచ్చగా ఉంటుంది, ఇంకోటి పసుపు రంగులో ఉంటుంది. భద్రాచలం పేజీకి ధవళేశ్వరం పేజీనే కాపీ కొట్టి ఒక అంకె మార్చడం మర్చిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రంగు పేజీ సొత్తు. పసుపు పెడతారో, గంట బొమ్మ పెడతారో, రంగులు సరిగా ఆనని కళ్ళ కోసం అక్షరాల్లో రాస్తారో పేజీ ఇష్టం. 'ఇప్పుడు ఉన్నది రెండో హెచ్చరిక' అన్నది మాత్రం పేజీకి అందాల్సిన జవాబు, పేజీ కనిపెట్టాల్సింది కాదు. ఈ గీత ఎక్కడ గీయాలో తెలియక కొంతమంది రంగు పేరు కూడా డేటాబేస్‌లో పెడతారు. అదీ తప్పే.

ఇక్కడ ఇంకొంచెం లోతు ఉంది. హెచ్చరిక అంటే నీటిమట్టం ఒక్కటే కాదు. అధికారులు దాన్ని ఒక సమయానికి జారీ చేస్తారు, వరద తగ్గాక ఒక సమయానికి ఉపసంహరిస్తారు. నీళ్ళు 11.75 కిందికి దిగిన క్షణమే కాగితం మీద హెచ్చరిక కూడా పోతుందనేం లేదు. అంటే మట్టం ఒక సమాచారం, జారీ అయిన హెచ్చరిక ఇంకో సమాచారం. టెంప్లేట్‌లో ఒక షరతు రాసి రంగు మార్చినవాళ్ళకి ఈ తేడా ఎప్పటికీ తట్టదు, ఎందుకంటే వాళ్ళు ఆలోచిస్తున్నది తెర గురించి. 'ఇందులో మనకి తెలిసిన సంగతులేమిటి, వాటిలో ఎవరైనా ప్రకటించినవి ఏవి, మనం లెక్క కట్టినవి ఏవి' అని తెరని పక్కనపెట్టి కూర్చుంటేనే ఈ ప్రశ్న వస్తుంది. విడదీయడం వల్ల కోడ్ శుభ్రంగా ఉంటుందని అందరూ అంటారు. నాకు దాని అసలు లాభం ఇది: సంగతి గురించి ఆలోచించే చోటు ఒకటి ఏర్పడుతుంది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కోనసీమలో లంక గ్రామాలు, అంటే నది పాయల మధ్య దీవుల్లా ఉండే ఊళ్ళు, రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటప్పుడు లంకలో ఉన్న మనిషి చేతిలో ఉండేది చార్జింగ్ అయిపోవస్తున్న ఫోన్, ఉందా లేదా అన్నట్టున్న సిగ్నల్. ఆ మనిషికి మ్యాపులూ గ్రాఫులూ ఉన్న పేజీ తెరుచుకోదు. నాలుగు లైన్ల అక్షరాల పేజీ కావాలి, లేదా ఎస్సెమ్మెస్. తేల్చే పని విడిగా ఉంటే ఆ నాలుగు లైన్ల పేజీ రాయడం గంట పని. పేజీలో కలిసిపోయి ఉంటే, వరద వచ్చిన రాత్రి ఎవరో కోడ్ కాపీ చేస్తూ కూర్చోవాలి. ఆ టెన్షన్‌లో అంకెలు తప్పు పడకుండా ఉంటాయని నేను అనుకోను.

ఇప్పటిదాకా చెప్పింది నియమాలు పేజీలోకి జారడం గురించి. దీనికి ఎదురు దారిలో జరిగేది కూడా ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు: కనబడే తీరు వెళ్ళి డేటాలో కూర్చోవడం. డేటాబేస్‌లో మొత్తం అన్న గడిలో 'రూ. 1,25,000/-' అని కామాలతో, గీతలతో సహా దాచేస్తారు. తర్వాత కూడదామంటే కూడలేరు. ఎక్కువ నుంచి తక్కువకి వరస పెట్టమంటే 9,000 వచ్చి 1,25,000 పైన కూర్చుంటుంది, ఎందుకంటే కంప్యూటర్‌కి అవి అంకెలు కావు, అక్షరాలు. లక్షల దగ్గర కామా ఎక్కడ పెట్టాలో బ్రౌజర్‌కి తెలుసు, దానికి చెబితే పెడుతుంది. డేటాబేస్‌లో ఉండాల్సింది ఒట్టి అంకె.

తెలుగువాళ్ళకి ఈ జబ్బు ఎంత ఖరీదైనదో వేరే చెప్పాలా! డీటీపీ రోజుల్లో అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్ళు ప్రతి ప్రెస్సులోనూ ఉన్నాయి. పెళ్ళి శుభలేఖల నుంచి పుస్తకాల దాకా. ఆ ఫైళ్ళలో ఉన్నది తెలుగు అక్షరాలు కావు, తెలుగు అక్షరాల ఆకారాలు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒక్కో ముక్కా ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం లేదా గుర్తు చోట. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే ముత్యాల్లాంటి తెలుగు. లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు. అందులో ఒక ఊరి పేరు వెతకలేం, అకారాది క్రమంలో పెట్టలేం. రచయిత రాసిన మాట, అది కాగితం మీద కనబడే తీరు, రెండూ ఒకటిగా అతుక్కుపోయాయి కాబట్టి కనబడే తీరు పోగానే మాట కూడా పోయింది.

ప్రతి భాష అక్షరాలకీ సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ఆ రెండింటినీ విడగొట్టింది. 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 'స్త్రీ' అని రాస్తే లోపల దాచేది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. త వత్తు ఎక్కడ వేలాడాలి, ర వత్తు ఎటు తిరగాలి అన్నది ఫాంట్ చూసుకుంటుంది. మందపాటి ఫాంట్ అయినా, సన్నటి ఫాంట్ అయినా, కళ్ళులేనివాళ్ళ కోసం పైకి చదివే సాఫ్ట్‌వేర్ అయినా తీసుకునేది ఆ ఆరింటినే. ఈరోజు మనం గూగుల్‌లో తెలుగులో వెతికి తెలుగులో దొరకబుచ్చుకుంటున్నామంటే ఆ విభజన పుణ్యమే. డేటానీ ప్రదర్శననీ విడదీయడం ఏదో పెద్ద కంపెనీల క్రమశిక్షణ, మనకెందుకు అనేవాళ్ళకి నేను చూపించేది ఇదే.

దీనికి తోక ఒకటి. పేరు పొడుగైతే గడిలో పట్టడం లేదని డేటాబేస్‌లో పెట్టేటప్పుడే మొదటి ఐదు సంకేతాలకి కోసేసే కోడ్ చూశాను. 'ద్రాక్షారామం' పోయి 'ద్రాక' మిగిలింది. పట్టకపోతే కుదించడం తెర పని, ఊరి పేరు పూర్తిగా ఉండటం డేటా పని.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు కూడా ఇదే గోల. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమకి వెళ్ళింది, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది. జిల్లాల జాబితాని ప్రతి ఫారంలోనూ హెచ్‌టీఎంఎల్‌లో చేత్తో రాసుకున్న సైట్లలో ఒక పేజీలో పాత జిల్లాలు, ఇంకో పేజీలో కొత్త జిల్లాలు కనబడ్డాయి. అదే ఏడాది కోనసీమ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమగా మారాక మళ్ళీ మొదలు. 2021లో అమలాపురంలో నమోదైన రికార్డుకి ఈరోజు ఏ జిల్లా చూపించాలి? అప్పటిదా, ఇప్పటిదా? రెండింటికీ అవసరం ఉంటుంది. అది మనుషులు కూర్చుని నిర్ణయించుకోవాల్సిన విషయం.

నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో నిజమూ ఉంది. ఐదు పేజీల సైటుకి ఈ మోడళ్ళూ వ్యూలూ ఎందుకు అంటారు. అక్కర్లేదు. ఫ్రేమ్‌వర్క్ కూడా అక్కర్లేదు. ఒకే పీహెచ్‌పీ ఫైల్ అయినా సరే, పై సగంలో తెచ్చుకోవడం, కట్టడం, తేల్చడం పూర్తిచేసి, కింది సగంలో చూపించడం మాత్రమే చేస్తే నాకు చాలు. మధ్యలో ఒక ఖాళీ లైన్ వదలండి. ఆ లైన్ దాటాక క్వెరీ ఉండకూడదు, డబ్బు లెక్క ఉండకూడదు. అంతకు మించి ఐదు పేజీల సైటుకి పది ఫోల్డర్లు పెట్టేవాళ్ళని నేనూ సమర్థించను. వాళ్ళ తర్వాత వచ్చేవాడు ఏది ఎక్కడుందో వెతుక్కుని చస్తాడు.

ఇంకో వైపు, టెంప్లేట్‌లో ఒక్క షరతు కూడా ఉండకూడదనే పక్షం ఉంది. టెరెన్స్ పార్ 2004లో విభజన కఠినంగా ఉండాలని వాదిస్తూ పరిశోధన పత్రం రాశారు, ఆయన తయారుచేసిన స్ట్రింగ్‌టెంప్లేట్ అనే టెంప్లేట్ సాధనం ఆ నమ్మకం మీదే నిలబడింది, అయితే ఏదైనా ఉందా లేదా అని చూసే షరతుని అది కూడా ఒప్పుకుంటుంది. ఆ నిష్ఠ నాకు నచ్చుతుంది కానీ ఒక్క షరతూ వద్దనేంత దూరం వెళ్ళను. జాబితా ఖాళీగా ఉంటే 'ఈరోజు కొనుగోళ్ళు లేవు' అని రాయడం చూపించే పనే. టేబుల్‌లో వరస విడిచి వరసకి రంగు మార్చడం చూపించే పనే. జాంగో టెంప్లేట్లు పట్టుకున్న మధ్య మార్గం నాకు సరిపోతుంది: షరతులు, లూపులు ఇస్తుంది, పెద్ద లెక్కలు చేయబోతే చేతికి అడ్డం పడుతుంది. 2013లో రియాక్ట్ అనే లైబ్రరీ వచ్చి హెచ్‌టీఎంఎల్‌నీ, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌నీ ఒకే ఫైల్‌లో కలిపేసినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. నాకు అందులో తప్పు కనబడలేదు. బటన్ నొక్కితే మెనూ తెరుచుకోవడం కనబడే తీరుకి సంబంధించిన తర్కం, అది అక్కడే ఉండాలి. అదే కాంపొనెంట్, అంటే ఆ పేజీ ముక్క, తరుగు కట్టడం మొదలుపెడితే గొడవ.

అక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. బ్రౌజర్‌లో నడిచే కోడ్ చూసేవాళ్ళ చేతిలో ఉంటుంది. దాన్ని తెరిచి మార్చడం కొంచెం తెలిసిన ఇంటర్ కుర్రాడికి కూడా వచ్చు. చెల్లించాల్సిన మొత్తం పేజీ కట్టి సర్వర్‌కి పంపితే, సర్వర్ దాన్ని నమ్మేస్తే, ఆ మొత్తాన్ని నిర్ణయించింది కొనేవాడే. పేజీలో లెక్క చూపించండి, వెంటనే కనబడితే వాడేవాళ్ళకి సుఖం. ఖాతాలో రాసుకునేది మాత్రం సర్వర్ మళ్ళీ కట్టిన లెక్కే కావాలి.

మిల్లు దగ్గరికి తిరిగి వస్తాను, ఎందుకంటే అసలు మేలు అక్కడ జరిగింది. లెక్కంతా పేజీల్లోంచి లాగి ఒక్క ఫైల్‌లో పెట్టాక, దాన్ని పరీక్షించడానికి తెర అవసరం లేకుండా పోయింది. గుమాస్తాగారి పక్కన కూర్చుని అడిగాను. ప్రమాణాల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం దాకా ఉండొచ్చు.

"సరిగ్గా పదిహేడు ఉంటే ఏం చేస్తారండీ?"

"తరుగు లేదండి."

"పదిహేడున్నర?"

"ఆయ్, అక్కడేనండి పేచీ. మా అయ్యగారు ఒకలా చెప్తారు, వారి అబ్బాయిగారు ఒకలా చెప్తారు."

ఆ అప్లికేషన్ అన్నాళ్ళూ ఆ ఇద్దరి మాటా వింది! ఒక పేజీ రాసిన రోజు పెద్దాయన ఉన్నారు, ఇంకో పేజీ రాసిన రోజు చిన్నాయన ఉన్నారు. ఎవరు చెప్పింది ఆ పేజీలోకి వెళ్ళిపోయింది. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఒక మాట మీదికి తెచ్చాక, గుమాస్తాగారు చెప్పిన ఉదాహరణలన్నీ పరీక్షలుగా రాసిపెట్టాను. ఫలానా తేమకి ఫలానా తరుగు, ఫలానా బస్తాలకి ఫలానా మొత్తం. ఆ పట్టికని ఆయన చదవగలరు, తప్పు పట్టగలరు. రసీదు టెంప్లేట్‌లో ఉన్న కోడ్‌ని ఆయన ఏ రోజూ చదవలేరు. ఆక్వా వైపు కూడా ఇదే కథ. రొయ్యల ధర కౌంట్‌ని బట్టి, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పట్టికలో 50కీ 60కీ ధర ఉంటుంది, చెరువులో పట్టింది 57 వస్తుంది. ఆ 57కి ఏ ధర కట్టాలన్న నియమం కొనేవాడికీ రైతుకీ ఇద్దరికీ కనబడేచోట ఉండాలి. పేజీ కోడ్ మధ్యలో పూడ్చిపెడితే అది కోడ్ రాసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని నియమం అవుతుంది.

పాత అప్లికేషన్ చేతిలో ఉన్నవాళ్ళు అంతా పడగొట్టి కట్టనక్కర్లేదు. టెంప్లేట్ ఫైళ్ళన్నిట్లో రెండు వెతకండి: క్వెరీలు, గుణకారం గుర్తు. గుణకారం దొరికినచోట అది డబ్బుకి సంబంధించిందా అని చూడండి. అయితే ముందు దాన్నే తీయండి, ఒక ఫంక్షన్‌లో పెట్టి ఆ పేజీ చేత ఫంక్షన్‌నే పిలిపించండి. మిగతా పేజీల్లో అదే లెక్క ఇంకెక్కడెక్కడ ఉందో వెతికి వాటినీ అక్కడికే మళ్ళించండి. రెండు చోట్ల జవాబు తేడా వస్తే మీరే ఒకటి ఎంచుకోకండి, వ్యాపారం చేసేవాళ్ళని అడగండి. తేదీల ఫార్మాట్లూ రంగులూ టేబుల్ గీతలూ ఇప్పటికి ఉన్నచోటే ఉండనివ్వండి.